పాలు పడలేదన్నది ఎవరు?

ఏటా ఆగస్టు మొదటి వారం రాగానే ఆస్పత్రి గోడలకు కొత్త పోస్టర్లు వేలాడతాయి. పట్టుచీర కట్టుకున్న తల్లి, ఒళ్లో బొద్దుగా ఒక బిడ్డ, పైన 'తల్లిపాలే అమృతం' అన్న అక్షరాలు. గుంటూరు జిల్లాలో ప్రభుత్వ ఆస్పత్రుల బాలింతల వార్డుల్లో స్టాఫ్ నర్సుగా, ఆ తర్వాత హెడ్ నర్సుగా నా ఉద్యోగం గడిచింది. ఆ పోస్టర్లు చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపించేది. ఈ బొమ్మలోని తల్లికి కుట్ల నొప్పి లేదు, చేతికి సెలైన్ సూది లేదు, మంచం పక్కన నిలబడి 'నీకు పాలు పడినట్టు లేవే' అనే మనిషి అసలే లేదు.

తల్లిపాలు మంచివని తెలియని తల్లి నాకు ఒక్కరూ తగల్లేదు. వేలిముద్ర వేసేవాళ్లకూ తెలుసు, ఎంటెక్ చదివినవాళ్లకూ తెలుసు. అయినా దేశంలో ఆరు నెలల్లోపు పిల్లల్లో తల్లిపాలు తప్ప మరేదీ తాగనివాళ్లు 63.7 శాతమేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. మిగిలినవాళ్ల నోట్లో నీళ్లో, తేనో, గేదెపాలో, డబ్బాపాలో పడుతూనే ఉన్నాయి. పుట్టిన గంటలోపు రొమ్ము అందుకున్న బిడ్డలైతే 41.8 శాతమే. ఇంత తెలిసీ ఇలా జరుగుతోందంటే లోటు తల్లి తెలివిలో లేదు, ఆమె చుట్టూ ఉన్నవాళ్లలో ఉంది. ఆస్పత్రిలో, ఇంట్లో, పని చేసే చోట. తల్లికి ఉపన్యాసాలివ్వడం కొంతకాలం ఆపి, ఈ మూడు చోట్ల సంగతి చూడాలన్నది నా మాట.

'పాలు పడలేదు' అని బాలింత తనంతట తాను అనడం చాలా అరుదు. తల్లో, అత్తో, చూడ్డానికి వచ్చిన మేనత్తో ముందు అంటారు. ఒక్కోసారి వార్డులో ఆయా కూడా అంటుంది. గంట తిరక్కుండా బాలింత కూడా అదే అంటుంది. నిజానికి మొదటి రెండు రోజులు వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పచ్చగా, తడవకు ఒక చెంచాడు వస్తే గొప్ప. మొదటి రోజు బిడ్డ పొట్టకు కావలసిందీ అంతే. నిండుగా పాలు దిగేది మూడో రోజునో నాలుగో రోజునో. సిజేరియన్ అయితే ఇంకో రోజు ఆలస్యం కావచ్చు. ఈలోపు బిడ్డ పుట్టినప్పటి బరువులో నూటికి ఏడు వంతుల దాకా తగ్గడం మామూలే. రెండు వారాల్లోపు మళ్లీ అందుకుంటుంది.

రెండో రాత్రి మాత్రం బిడ్డ ఊరుకోదు. పదేపదే ఏడుస్తుంది, రొమ్ము వదిలితే కేరుమంటుంది. పాలు దిగడానికి జరగాల్సిన పనే అది. బిడ్డ చీకినప్పుడు తల్లి మెదడు నుంచి రెండు హార్మోన్లు విడుదలవుతాయి. ప్రొలాక్టిన్ పాలు తయారు చేయిస్తుంది, ఆక్సిటోసిన్ వాటిని కిందికి దింపుతుంది. తోడేకొద్దీ ఊరే చెలమ అది. తోడటం మానేసి పక్కింటి నీళ్లు తెచ్చుకుంటే చెలమ పూడిపోతుంది. సరిగ్గా ఆ రెండో రాత్రే ఇంటివాళ్ల సంచిలోంచి డబ్బా బయటికి వస్తుంది. ఆ పాలు తాగిన బిడ్డ మూడు నాలుగు గంటలు కదలకుండా పడుకుంటుంది. 'చూశావా, ఆకలికే ఏడ్చింది' అంటుంది అమ్మమ్మ. ఆ నాలుగు గంటలూ రొమ్ము ఖాళీ కాలేదు, మెదడుకు కబురు వెళ్లలేదు. దానికి తోడు అందరి ముందు తనకేదో లోపముందన్న దిగులు ఒకటి. దిగులు, నొప్పి, భయం ఉన్నచోట ఆక్సిటోసిన్ సరిగా పని చేయదు. వారం తిరిగేసరికి పాలు నిజంగానే తగ్గుతాయి. అప్పుడిక అమ్మమ్మ చెప్పిందే వేదం.

ఒక సాయంత్రం సంగతి చెబుతాను. నరసరావుపేట వైపు పల్లెటూరి అమ్మాయి, తొలి కాన్పు, సిజేరియన్ అయి మూడో రోజు. రొమ్ములు బిగదీసుకుపోయి ఉన్నాయి, చనుమొనలు పగిలి రక్తం చెమ్మ. బిడ్డ చివర పట్టుకుని రెండు సార్లు చీకడం, వదిలేసి ఏడవడం. వాళ్లమ్మ అప్పటికే స్టీలు గ్లాసులో పొడి కలుపుతోంది.

'సిస్టరమ్మా, దీనికి పాలు లేవమ్మా. ఇది పుట్టినప్పుడు నాకు జాకెట్టు తడిసిపోయేది.'

'పెద్దమ్మా, నువ్వు ఇంటి దగ్గర కన్నావు. నీ కూతురికి పొట్ట కోశారు. ఆ గ్లాసు కాసేపు పక్కన పెట్టి, ఆ దిండు ఇటివ్వు.'

మంచం తల వైపు ఎత్తించాను. నడుము వెనక ఒక దిండు, పక్కన ఒక దిండు. బిడ్డను పొట్ట మీద పెడితే కుట్లకు తగులుతుంది కాబట్టి, ఆమె చంక కింద నుంచి కాళ్లు వీపు వైపు వచ్చేలా పడుకోబెట్టాను. వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు రొమ్ము మీద కాసేపు ఉంచి, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం మెత్తబడేదాకా చేత్తో కొంచెం పాలు పిండించాను. తర్వాత చనుమొనతో బిడ్డ పై పెదవిని తాకిస్తూ ఆగాం. తొందరపడితే ఇక్కడే పని చెడుతుంది. బిడ్డ ఆవులించినంత నోరు తెరిచే క్షణం ఒకటి వస్తుంది. అప్పుడు బిడ్డను రొమ్ము దగ్గరికి తేవాలి, రొమ్మును బిడ్డ దగ్గరికి కాదు. గడ్డం రొమ్ముకు ఆనింది. కింది పెదవి బయటికి మడత పడింది. నల్లటి భాగం పైన కాస్త కనిపిస్తోంది, కింద బిడ్డ నోట్లోనే ఉంది. మొదట గబగబా చీకింది, తర్వాత నిదానంగా, లోతుగా. గుటక వినిపించింది. ఆ అమ్మాయి చెవుల దాకా బిగబట్టుకున్న భుజాలు కిందికి దిగాయి. 'నొప్పి తెలీట్లేదు సిస్టర్' అంది. వాళ్లమ్మ గ్లాసు తీసుకెళ్లి వాష్‌బేసిన్‌లో పారబోసింది. నన్ను ఒక్క మాట అనలేదు, మెచ్చుకోనూ లేదు.

ఇందులో పెద్ద విద్యేమీ లేదు. అరగంట తీరిక, అలవాటైన చెయ్యి కావాలి, అంతే. ఆ అరగంటే మన వార్డుల్లో దొరకదు. ఇంజెక్షన్లు, బీపీలు, కేస్ షీట్లు, రౌండ్లకు వచ్చే డాక్టర్లు, డిశ్చార్జి కాగితాలు, వీటన్నిటి మధ్య డ్యూటీ నర్సు ఒక్క మంచం దగ్గర అరగంట కూర్చుంటే మిగతా వార్డు గగ్గోలు పెడుతుంది. రాత్రి పూట మరీను. చెప్పాను కదా, డబ్బా తెరుచుకునేది రాత్రే.

మన రెండు రాష్ట్రాల్లో ఈ అవసరం మిగతా దేశం కంటే ఎక్కువ. కారణం కత్తి. అదే సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్ కాన్పులు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7, దేశంలో అన్నిటికన్నా ఎక్కువ. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రులనే తీసుకుంటే వంద కాన్పుల్లో 81 కోతలే. ఇక తెలంగాణలో గంటలోపు రొమ్ము అందిన బిడ్డలు 37.1 శాతం, దేశ సగటు కంటే తక్కువ. దాదాపు ప్రతి కాన్పూ ఆస్పత్రిలోనే జరిగే రాష్ట్రంలో, మొదటి గంట విషయంలో మాత్రం దేశం కన్నా వెనకబడ్డాం. ఆస్పత్రికి రండి, రండి అని ఊరూరా తిరిగి పిలిచింది మేమే. వచ్చినవాళ్లకు ఆ గంట ఇవ్వకపోతే ఎలా?

సిజేరియన్ అయితే పాలివ్వకూడదని చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. వెన్నుకు మత్తిచ్చి చేసే ఆపరేషన్‌లో తల్లి మెలకువతోనే ఉంటుంది. బిడ్డ బాగుంటే థియేటర్‌లోనే తల్లి గుండెల మీద పడుకోబెట్టవచ్చు. రికవరీకి తెచ్చాక తల్లి వెల్లకిలా కదలకుండా పడుకున్నా సరే, ఎవరో ఒకరు బిడ్డను పట్టుకుని నిలబడితే రొమ్ము పట్టించవచ్చు. ఆ 'ఎవరో ఒకరు' లేకనే గంట గడిచిపోతుంది. ఆ గంటలో బిడ్డ ఎక్కడుంటుందో చూడండి. థియేటర్ తలుపు దగ్గర బంధువుల చేతుల్లో. ఫోటోలు తీస్తారు, వీడియో కాల్‌లో దుబాయ్ బాబాయికి చూపిస్తారు, వార్డుబాయ్ మామూళ్లు అడుగుతాడు. ఆ తర్వాత బిడ్డ గాజుగదిలోకి వెళుతుంది. కొన్ని చోట్ల తల్లిని అడగకుండానే అక్కడ మొదటి డబ్బాపాలు పట్టేస్తారు. తల్లి కళ్లు తెరిచి అడిగేసరికి బిడ్డ పొట్ట నిండి నిద్రపోతూ ఉంటుంది.

ముహూర్తాల గోల ఒకటి. ఫలానా నక్షత్రం, ఫలానా లగ్నం అని పంచాంగం చూపించి, నెలలు పూర్తిగా నిండకముందే 37 వారాలకు కోయించేస్తారు. ఇంకో రెండు మూడు వారాలు కడుపులో ఉండాల్సిన బిడ్డ మగతగా ఉంటుంది, నాలుగు సార్లు చీకి నిద్రపోతుంది. జాతకం దివ్యంగా ఉంటుంది, పాలు తాగే ఓపికే ఉండదు. అలాంటి బిడ్డను గంటగంటకూ లేపి, అరికాళ్లు నిమిరి, పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టాల్సి వస్తుంది. ఆ చాకిరీ పంతులుగారు చేయరు.

ఉగ్గుగిన్నె అంటే నాకు గౌరవం. మా అమ్మమ్మల కాలం నాటి ఆ చిన్న ముక్కు గిన్నె ఇవాళ పెద్ద పెద్ద నవజాత శిశువుల వార్డుల్లో కూడా వాడతారు. పాలపీక అలవాటైన బిడ్డ రొమ్ము దగ్గర తికమక పడుతుంది, గిన్నెతో ఆ బెడద లేదు. వేడినీళ్లలో మరగబెడితే శుభ్రం, క్రిములు దాక్కోవడానికి మూలలు లేవు. పాలసీసాల మీద ఇన్ని వేలు తగలేసే ఇళ్లలో ఒక ఉగ్గుగిన్నె కనిపించదు.

డబ్బాల సంగతికి వస్తే, మనకు చట్టం ఉంది, గట్టి చట్టమే. 1992లో వచ్చి 1993 ఆగస్టు నుంచి అమలైంది, 2003లో ఇంకా బిగించారు. రెండేళ్లలోపు పిల్లల పాలపొడికి, పాలసీసాకు ప్రకటన ఇవ్వకూడదు. ఉచిత శాంపిళ్లు పంచకూడదు. డాక్టర్లకు, నర్సులకు కానుకలివ్వకూడదు, వాళ్ల సదస్సులకు డబ్బులు పెట్టకూడదు. డబ్బా మీద పసిపిల్ల బొమ్మ ఉండకూడదు, తల్లిపాలే మంచివని దాని మీదే రాయాలి. వీటిలో చాలావాటిని తప్పితే మూడేళ్ల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ 5,000 ఇప్పటికీ అక్కడే ఉంది. కంపెనీ మేనేజర్ హోటల్ బిల్లు అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఈ చట్టం కింద కేసు పెట్టడం నా సర్వీసులో నేను చూడలేదు. రెండేళ్లు దాటిన పిల్లల పొడికి అదే రంగు డబ్బా, అదే పేరు, పక్కన ఒక అంకె మార్చి టీవీలో వేస్తే సరి. చూసేవాళ్లకు చిన్నపిల్లల డబ్బా గుర్తొస్తుంది, చట్టానికి ఏమీ కనిపించదు. ఆస్పత్రి కింద ఉన్న మందుల షాపులో మందుల కంటే ముందు వరసలో నిలబడేవి ఈ డబ్బాలే.

పేదింటికి ఈ డబ్బా ఎంత భారమో లెక్కేస్తే తెలుస్తుంది. మూడు నెలల బిడ్డ పూర్తిగా పొడిపాల మీదే ఉంటే 400 గ్రాముల డబ్బా నాలుగు రోజులకు మించదు. నెలకు ఏడో ఎనిమిదో. కూలి డబ్బులతో అన్ని కొనలేక నాలుగు చెంచాలు వేయాల్సిన చోట రెండు వేస్తారు. బిడ్డ తెల్లటి నీళ్లు తాగుతుంది. ఆ నీళ్లు మరిగించినవో కావో దేవుడికెరుక. తర్వాత విరేచనాలు, తర్వాత మా వార్డు పక్కనున్న పిల్లల వార్డు.

ఇక ఇల్లు. మన పుట్టింటి పురుడు మంచి ఆచారమే. బాలింతను వంటింట్లోకి రానివ్వకుండా, బిడ్డను పక్కలో పెట్టి ఉంచే ఏర్పాటు అందులో ఉంది. దాని పక్కనే పథ్యం పేరుతో కొన్ని పిచ్చి పనులూ ఉన్నాయి. పాత చింతకాయ పచ్చడి, వెల్లుల్లి కారం, కాయం వరకూ సరే, నాకు అభ్యంతరం లేదు. మా వైపు పాలసొర పిట్టు చేసి పెడతారు, మునగాకు వేస్తారు, బొప్పాయి కాయ కూర వండుతారు. పాలకు ఎంత పనికొస్తాయో గానీ తిండిగా మంచివే. చిక్కు ఎక్కడంటే నీళ్లు తాగనివ్వకపోవడం, ఒంటిపూట అన్నం, పెరుగు వద్దు, పళ్లు వద్దు అనడం. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు మామూలు కంటే 600 కేలరీలు అదనంగా కావాలని ఐసీఎంఆర్ లెక్క. ఒక మనిషికి ఇంకో పూట భోజనం అన్నమాట. మనం ఉన్న పూట కోసేస్తున్నాం. పాలివ్వడానికి కూర్చోగానే బాలింతకు గొంతెండుతుంది. అప్పుడు చేతికందేలా చెంబుడు నీళ్లు పెట్టడం కన్నా పెద్ద పథ్యం లేదు.

తల్లికి నీళ్లు ఆపి, బిడ్డకు నీళ్లు పట్టడం మన ఎండాకాలపు వింత. మే నెలలో పల్నాడు ఎండకు 'పసిదానికి నాలుక పిడచకట్టుకుపోతోంది' అని చెంచాతో నీళ్లు పోస్తారు. తల్లిపాలలో నూటికి 87 వంతులకు పైగా నీళ్లే. ఎండ ముదిరితే మరో రెండు సార్లు రొమ్ము పట్టించండి, చాలు. చిన్న పొట్టలో నీళ్లు నిండితే పాలకు చోటుండదు. తేనె నాకించడం, ఆముదం పట్టడం గురించి వేరే చెప్పక్కర్లేదు, రెండూ వద్దు. బిడ్డకు పాలు సరిపోతున్నాయో లేదో తెలుసుకోవడానికి ఏడుపు కొలత కాదు. ఐదో రోజు దాటాక రోజుకు కనీసం ఆరు సార్లు ఒంటికి పోస్తే, బరువు పెరుగుతుంటే చాలు. నేను ఇళ్లకు వెళితే ముందు దండెం మీద ఆరేసిన గుడ్డలు చూస్తాను. ఈ మధ్య డైపర్లు వచ్చి ఆ వీలు కూడా పోయింది.

తండ్రి అనే మనిషి ఈ కథలో ఎక్కడా కనపడడు. పుట్టింటి పురుడు వల్ల అతను ఆదివారం చుట్టం. శనివారం రాత్రి బస్సెక్కి వస్తాడు, బిడ్డకు బంగారు గొలుసు తెస్తాడు, అత్తగారు చేసిన నాటుకోడి పులుసు తిని వెళ్లిపోతాడు. ఆ వచ్చిన రాత్రి అతనికి చేతినిండా పనుంది. పాలు తాగిన బిడ్డను భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించవచ్చు, తడిసిన గుడ్డ మార్చవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, 'పాలు లేవు' అనే పెద్దవాళ్ల ముందు 'కాసేపు ఆగుదాం అత్తయ్యా' అని ఒక్క మాట అనవచ్చు. అల్లుడి మాటకు మన ఇళ్లలో ఉన్న విలువ ఎక్కడైనా పనికొచ్చిందంటే అక్కడే.

పని దగ్గర జరిగేది అన్నిటికన్నా ఘోరం. 1961 నాటి ప్రసూతి చట్టాన్ని 2017లో సవరించి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవిచ్చారు. 50 మంది, అంతకు మించి ఉన్న సంస్థలో పిల్లల గది ఉండాలన్నారు, తల్లి రోజుకు నాలుగు సార్లు వెళ్లి చూసుకోవచ్చన్నారు. రిటైరయ్యాక నేను హైదరాబాద్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఐటీ కంపెనీల్లో పని చేసే అమ్మాయిలు మా అపార్ట్‌మెంట్ నిండా ఉన్నారు. సెలవు అందుతోంది, నిజం. తిరిగి ఆఫీసుకు వెళ్లాక ఒకమ్మాయి పంపుతో పాలు తీసుకునేది బాత్‌రూమ్‌లో కూర్చుని. మీరు బాత్‌రూమ్‌లో కూర్చుని టిఫిన్ తింటారా? ఒక గది, ఒక గడియ, ఒక చిన్న ఫ్రిజ్ అడిగితే 'ఫెసిలిటీస్ వాళ్లకు మెయిల్ పెట్టు' అన్నారట. బిడ్డకు పళ్లు వచ్చాయి, ఆ మెయిల్‌కు జవాబు రాలేదు.

గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే ఆడకూలీలకు ఏ మెయిలూ లేదు. పొద్దున వెళితే సాయంత్రం దాకా ఘాటులో కూర్చోవాలి. పసిబిడ్డను అక్కడికి తీసుకెళ్లలేరు, తుమ్ములకే చచ్చిపోతుంది. ఇంటికొచ్చాక వేళ్ల మంట చల్లారదు, చీరకు కారం దుమ్ము, రొమ్ముకు చెమటతో కలిసిన కారం. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, జాకెట్టు మార్చుకుని, అప్పుడు బిడ్డనెత్తుకోవాలి. పొద్దుటి నుంచి ఆ బిడ్డ ఏడెనిమిదేళ్ల అక్క చేతిలో, గేదెపాల సీసాతో. ఆ అక్క బడి మానేసింది. ఇలాంటి తల్లి నాతో ఒకసారి అంది, 'పాలు ఉన్నాయమ్మా, నేనే ఉండటం లేదు' అని. పాలు బిగిస్తే సందులోకి వెళ్లి గోడకు పిండి పారబోసుకుని వస్తానంది. ఆమెకు ప్రధానమంత్రి మాతృవందన కింద తొలి బిడ్డకు వచ్చేది 5,000. మిర్చి సీజన్ కూలితో పోలిస్తే అది ఎన్నాళ్ల పని మాన్పిస్తుంది? ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వమని చెప్పే ప్రభుత్వం, ఆ ఆరు నెలల కూలిలో సగమైనా కట్టకుండా ఆ మాట అనకూడదు.

అందరు తల్లులకూ పాలు వస్తాయని నేను అనడం లేదు. కాన్పులో విపరీతంగా రక్తం పోయినవాళ్లు, మాయ ముక్క లోపల మిగిలినవాళ్లు, థైరాయిడ్ అదుపులో లేనివాళ్లు, రొమ్ముకు ఆపరేషన్ అయినవాళ్లు కొందరికి నిజంగానే సరిపోవు. బిడ్డ మగతగా పడి ఉండి లేపినా తాగకపోయినా, ఒంటికి పోయకపోయినా ఈ వ్యాసాలు చదువుతూ కూర్చోకూడదు, వెంటనే పిల్లల డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. డాక్టరు డబ్బాపాలు రాస్తే పట్టాలి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. కాన్పు తర్వాత ఊరికే ఏడుస్తూ, బిడ్డ వైపు చూడని తల్లులూ ఉంటారు. వాళ్లకు ముందు కావలసింది వైద్యం. 'కన్నతల్లివి కాదా నువ్వు' అనే పెద్దల నోటికి ఎవరైనా తాళం వేయాలి. నెలలు నిండకుండా పుట్టి, తల్లిపాలు అందని బిడ్డలకు పాలబ్యాంకులున్నాయి. 1989లో ముంబయి సయన్ ఆస్పత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ ఆసియాలోనే మొదటిది పెట్టారు. హైదరాబాద్ నీలోఫర్‌లో ధాత్రి పేరుతో ఒకటి నడుస్తోంది. జిల్లాకొకటి ఉండాల్సినవి ఇవి.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. సిజేరియన్లు జరిగే ప్రతి ఆస్పత్రిలో, బాలింతల వార్డుకు రాత్రి పగలు పాలు పట్టించడం ఒక్కటే పనిగా ఒక నర్సు ఉండాలి. ఆమెను ఇంజెక్షన్లకు లాక్కెళ్లకూడదు. ఇది మన వల్ల కానిదేం కాదు. తెలంగాణ 2017లో కొందరు నర్సులను ఎంచుకుని మిడ్‌వైఫరీలో ప్రత్యేకంగా శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. అదే దారిలో ఇంకో అడుగు ఇది. ప్రైవేటు ఆస్పత్రులు ఏసీ రూమ్ రేటు పక్కనే తమ దగ్గర ఎందరు బిడ్డలకు గంటలోపు రొమ్ము అందిందో కౌంటరు దగ్గర బోర్డు మీద రాసి పెట్టాలి. మా పక్క ఫ్లాటు అమ్మాయి కాన్పుకు ఆస్పత్రి చూస్తుంటే, 'రాత్రి పూట పాలు పట్టించేవాళ్లు ఎవరని అడుగమ్మా' అని చెప్పి పంపాను. 'ఆంటీ, అది ప్యాకేజీలో లేదన్నారు' అని వచ్చింది.

ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లాక చూసేది ఆశా కార్యకర్త. మూడు, ఏడు, 14, 21, 28, 42వ రోజుల్లో ఆమె ఇంటికి వెళ్లి తల్లినీ బిడ్డనూ చూడాలి. ఆ చుట్లన్నిటికీ కలిపి ఆమెకొచ్చే ప్రోత్సాహకం 250 రూపాయలు. ఆటో ఛార్జీలకే సరి. సిజేరియన్ తల్లి మూడో రోజుకు ఇంకా ఆస్పత్రిలోనే ఉంటుంది. అక్కణ్నుంచి పుట్టింటికి వెళుతుంది. గర్భిణిగా ఆమె పేరు అత్తవారి ఊరి ఆశా దగ్గర ఉంటుంది, మనిషి పుట్టింటి ఊళ్లో ఉంటుంది. ఈ ఆశాకు ఆమె వచ్చినట్టు తెలియదు, ఆ ఆశాకు ఆమె కనిపించదు. రొమ్ము బిగిసి, చనుమొన పగిలి, డబ్బా తెరుచుకునే ఆ వారమంతా ఇద్దరు ఆశాల మధ్య ఎవరికీ చెందకుండా పోతుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తవారింటికి వచ్చేసరికి ఆశా రిజిస్టరులో ఆ గడులన్నీ ఏదో విధంగా నిండే ఉంటాయి. డిశ్చార్జి కాగితం రాసేటప్పుడు 'ఇక్కణ్నుంచి ఏ ఊరు వెళతావమ్మా' అని ఒక్క ప్రశ్న అడిగి, ఆ ఊరి ఆశాకు అప్పటికప్పుడు ఫోన్ చేయించాలి. వెళ్లిన ఆశాకే ఆ డబ్బు ఇవ్వాలి, అది 250 కాకుండా ఆమె ఆటో దిగి అరగంట కూర్చునేంత ఉండాలి. రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ దీనికి ఒక్క సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది. పుట్టిల్లు సరిహద్దుకు అవతల ఉన్న ఆడపిల్లల కోసం మాత్రం ఆ రెండు శాఖలూ ఒకరి నంబర్లు ఒకరు తీసుకోవాల్సి వస్తుంది.